నూటపన్నెండో పేజీలో ఒక గీత

గుణుపురం బస్టాండు ఎదర మా డీటీపీ కొట్టు.
పేజీకి పదిహేను, సమీకరణం ఉంటే ఇరవై.
ఒడియాలో భూమి పట్టా, తెలుగులో శుభలేఖ,
ఇంగ్లీషులో ఏది తెచ్చినా సరే
అర్థం అడక్కుండా కొట్టేస్తాను.

మినతి సాబత్ మేడమ్ థీసిస్ ఒక్కటే
నాచేత అడిగించింది.
సాగుతున్న రెండు పలకలు, నడుమ ద్రవం,
దాన్ని అడ్డంగా కోస్తూ అయస్కాంత క్షేత్రం,
వేడి ఎటు పోతుందన్నది లెక్క.
మే నెల. కరెంటు పోయి యూపీఎస్ కూస్తోంది.
"ఎటు పోద్ది మేడమ్, ఇక్కడే ఉంటాది" అన్నాను.

ఆవిడ నవ్వలేదు.
బైండింగుకి ఉంచిన ప్లాస్టిక్ అట్టలు రెండు తీసి
నడుమ బంక చుక్క వేసి జరిపింది.
అట్టను అంటుకున్న పొర అట్టతోనే పోయింది.
నడిమిది తేరుకోడానికి కాస్త టైము పట్టింది.

వంశధారలో ఈత నేర్చినవాణ్ణి నేను.
ఏట్లో నడుమ వడి, ఒడ్డున నెమ్మది.
మేడమ్ ఏరు తిరకాసు ఏరు:
ఒడ్డులే పరుగెడతాయి,
నీళ్లు వెనక ఈడ్చుకుంటూ వస్తాయి.

"మరి ఈ ఎమ్ ఏటి?"
"అయస్కాంతం బలం. ముట్టకుండా పట్టుకునే పట్టు.
ఉప్పునీటిని పడుతుంది, నూనెని పట్టదు.
ఎమ్ పెరిగితే పారుదల మందగిస్తుంది,
ద్రవంలో వేడి పెరుగుతుంది."
చొక్కా వీపుకి అతుక్కుని ఉంది నాకు.
చెమట ఉప్పునీరే కదా అనుకుని
ఎమ్ మీద చిన్న రెండు ఎక్కించాను.

నాలుగు కాపీలు. నల్ల రెక్సిన్, బంగారు అక్షరాలు.
జునేష్ గొమాంగో కుట్టి, అంటించి, బరువు పెట్టాడు.
వాడు నాతో తెలుగు, గిరాకీలతో ఒడియా,
ఫోనులో వాళ్లమ్మతో సవర,
ఒంటరిగా పేజీలు లెక్కెట్టుకుంటే మాత్రం
ఏ భాషో ఇప్పటికీ పట్టుకోలేకపోయాను.

రాత్రి తొమ్మిదికి స్కూటీ ఆగింది.
హెల్మెట్ తియ్యకుండానే నూటపన్నెండో పేజీ తెరిచి
"నా అయస్కాంతం ద్రవాన్ని తోస్తోంది!" అందావిడ.
చూశాను. ఎమ్ ముందు మైనస్ లేదు.
అడ్డుకోవలసింది ఊతమిస్తోంది,
ఎదుటి పేజీలో గ్రాఫు గీత
ఆ సమీకరణాన్ని ఎరగనట్టు తనదారిన పోతోంది.

"అంత చిన్న గీత, ఎవులు సూత్తారు మేడమ్?"
"నేను చూశాను కదా."

జునేష్ బ్లేడు తీశాడు.
ఇంకా తడారని నాలుగు వెన్నెముకలు విప్పాడు.
నేను కర్సర్ని ఎమ్ ముందుకి నడిపించి
ఒక్క మీట నొక్కాను.
వెంట్రుక ముక్కంత గీత.
అది పడగానే
లోపల ఎక్కడో ఏదో నెమ్మదించినట్టయింది,
ప్రింటరే అయ్యుండొచ్చు, పాతది.

నాలుగు పేజీలకీ ఎనభై ఇవ్వబోయింది, తీసుకోలేదు.
తప్పు నాది. తీసుకోనందుకు కోప్పడింది, ఒడియాలో.
కృతజ్ఞతల పేజీలో నా పేరు లేదు,
కొట్టింది నేనే కాబట్టి తెలుసు.
వాళ్ల గైడు ఉన్నారు, హాస్టలు వంటమనిషి ఉంది,
చచ్చిపోయిన పిల్లి కూడా ఉంది.

ఇంటికెళ్లేసరికి పదకొండు.
నూకరత్నం మేడ మీద బకెట్టుతో నీళ్లు కుమ్మరిస్తోంది.
సిమెంటు ఆవిరి కక్కుతోంది.
తడి దుప్పటి పిండి చెరో కొసా పట్టుకున్నాం,
తను పాతపట్నం వైపు, నేను కొండ వైపు.
లాగాం.
నా చేతికాడ గుడ్డ నాతోనే వచ్చింది,
తన చేతికాడ తనతో.

"ఏటలా నిలబడిపోనావు?"
"నడుమ..." అన్నాను.
"నడుమేటి?"

పరిచిన దుప్పటి నడుమ అరచెయ్యి ఆనించి
కాసేపు అలాగే ఉంచింది.
"ఇక్కడింకా కాల్తంది" అంది.